మొగ దగ్గర తిమింగలం

పెళ్లయి వచ్చిన కొత్తలో ఆ ఊళ్లో నాకు నచ్చింది ఒక్కటే, మొగ దాకా నడక. గోదావరి పాయ సముద్రంలో కలిసే చోటుని మావైపు మొగ అంటారు. సరుగుడు తోట దాటాక నేల సన్నబడి, ముక్కులా నీళ్లలోకి పొడుచుకుని పోతుంది. ఒక పక్క కెరటాలు కోసేసిన నిలువెత్తు ఇసుక గట్టు. దారినిండా కొట్టుకొచ్చిన మొద్దులు, కాళ్లు కోసే గుల్లలు.

ఆదివారం ప్రార్థన అయ్యాక మా అత్తగారు నన్ను తీసుకెళ్లేవారు. ఆవిడ మంత్రసాని. ఊళ్లో సగంమంది పిల్లలు ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్లే. ఇంట్లో ముభావంగా ఉండే మనిషి, ఇసుకలో అడుగు పెట్టగానే కుచ్చెళ్లు ఎగదోపుకుని నాకంటే ముందు నడిచేవారు.

డెబ్బైల చివర్లో ఒక ఆదివారం మేం వెళ్లేసరికి మొన చివర జనం మూగి ఉన్నారు. పడవ బోల్తా పడిందేమో అనుకున్నాం. తీరా చూస్తే, నీళ్లు వెనక్కి తీసిన ఇసుకలో తిమింగలం. పిల్లే అన్నారు గానీ మా వంటింటికంటే పొడుగుంది.

"పొద్దున్నే వచ్చి పడిందండి. మోకులేసి లాగేం, తెగిపోయేయి," అన్నాడు ఒక ముసలి పల్లెకారు.

"బతికే ఉందా?" అని అడిగాను.

"ఆయ్. ఊపిరి తీస్తందండి."

అత్తగారు మోకాళ్లమీద కూర్చుని దాని పక్కమీద అరచెయ్యి ఆనించారు. నిండు గర్భిణి పొట్టమీద పెట్టినట్టే. "ఒళ్లు కాగిపోతోంది. నీళ్లు పొయ్యండర్రా!" అని అరిచారు. ఆడవాళ్లు బిందెలు తెచ్చారు. నేనూ పోశాను. ఎండ పడకుండా ఆవిడ తన తువ్వాలు తడిపి దాని కంటిమీద కప్పారు. "ఓర్చుకో తల్లీ, కాసేపట్లో పోటొస్తుంది," అన్నారు. నా పురిట్లో నాతో మాట్లాడిన గొంతే అది.

మధ్యాహ్నం దాటాక పోటు వచ్చింది. మోకాలిలోతు నీళ్లలో మగవాళ్లంతా భుజాలు ఆనించి తోశారు. ఒక బారెడు కదిలింది. వెంటనే పెద్ద కెరటం వచ్చి అడ్డంగా తిప్పి మళ్లీ ఒడ్డుకే నెట్టింది. మళ్లీ తోశారు. మళ్లీ అంతే. ఈలోగా నీళ్లు వెనక్కి తీయడం మొదలైంది.

"ఏదో ఒకటి చెయ్యండి అత్తయ్యగారూ," అన్నాను. ఆవిడేం చేస్తారని అలా అన్నానో!

ఆవిడ తన చేతులు చూసుకున్నారు. "ఏం చెయ్యనమ్మా? ఎక్కడ పట్టుకోవాలో తెలీట్లేదు నాకు."

పొద్దు వాలకముందే ఊపిరి ఆగింది. అందరికీ తెలిసింది, ఆవిడ మాత్రం నీళ్లు పోస్తూనే ఉన్నారు. ముసలాయన మెల్లగా బిందె అందుకుని, "ఇంక చాలండమ్మా," అన్నాడు.

ఇంటికొచ్చి అత్తగారు అన్నం ముట్టలేదు. "ఆడదో మగదో కూడా చూళ్లేదు," అన్నారు ఒకసారి.

మరుసటి ఆదివారం బయల్దేరదామంటే, "నువ్వెళ్లిరా అమ్మాయ్," అన్నారు. సరుగుడు తోట దాకా ఒక్కదాన్నే వెళ్లాను. గాలి ఇటే వీస్తోంది. ఆ కళేబరం వాసనకి ముందుకు అడుగు పడలేదు. ఆవిడ ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి పురుళ్లు పోశారు, మొగ వైపు మాత్రం మళ్లీ రాలేదు. ఎన్ని ఆదివారాలు అడిగానో. ప్రతిసారీ నవ్వి, చేట ముందుకు లాక్కుని బియ్యంలో రాళ్లు ఏరుకునేవారు.