లోపల పిడి లేని తలుపు

నేను పెద్దగా చదువుకోలేదు గాని, తలుపంటే రెండు వైపులా తెరుచుకోవాలని తెలుసు. ఈ రోజు భేస్తాన్‌లో మా మగ్గాల కార్ఖానా గోడ ఒకటి పగలగొట్టడం మొదలుపెట్టారు. దుమ్ము నూలు మీద పడకుండా శేఠ్ అడ్డంగా ప్లాస్టిక్ పట్టా కట్టించాడు. ఫిట్టర్ మల్లేశం దానికి ఒక జిప్పును నిలువుగా అతికించి, దాని వెనక పట్టాను బ్లేడుతో కోసి, ఇదే మీ తలుపు అన్నాడు. లోపల మేం ఆరుగురం. వేరే దారి లేదు.

చూస్తే జిప్పు పిడి బయటివైపే ఉంది.

"లోపల్నుంచి ఎట్ల తీస్తంరా?"

"పిలువుండ్రి కాకా, బయటోళ్లు తీస్తరు. గింతదానికి పరేషానెందుకు?"

"మగ్గాల మోతల నా పిలుపు ఎవనికి ఇనబడ్తది? నూలుకు నిప్పంటుకుంటే నీ కోసం చూసుకుంట కూసోవాల్నా?"

"జిప్పు గిట్లనే వస్తది కాకా. నేనేం జేయాలె?"

నేను మగ్గాలు ఆపేశాను. అతని చేతిలోని బ్లేడు తీసుకుని జిప్పుకు పైన చిన్న రంధ్రం చేశాను. పిడికి గట్టి దారం ముడివేసి, ఆ రంధ్రంలోంచి లోపలికి దింపాను. లోపల నిలబడి గుంజితే పిడి పైకి లేచి తలుపు తెరుచుకుంది. మల్లేశం నవ్వాడు. తర్వాత తానే రెండుసార్లు గుంజి చూసుకున్నాడు.

పోతూ పోతూ బ్లేడు ఇవ్వమన్నాడు. నేను ఇవ్వలేదు. దారం తెగదని ఎవరు చెప్పగలరు? ఆ బ్లేడు నా జేబులోనే ఉంది. మీరైతే ఇచ్చేవారా?