అవసరమా, అనవసరమా?

కోడిగీతల్లాంటి రాతైనా సరే, పోస్టమ్మ చేతిలో పడితే ఉత్తరం ఇల్లు చేరాల్సిందే. పదకొండు వీధులు, కాలినడకన. ఆ వీధులంటే ఆమెకు ప్రాణం. అలాంటిది, కోడలు కడుపుతో ఉందని తెలిసిన రోజు నుంచీ అత్తగారికి కంటిమీద కునుకు లేదు.

మూడో నెలలో "మెట్లెక్కకు" అంది అత్తగారు. పోస్టమ్మ మేడమీదివాళ్లను కిందికి పిలిచి ఉత్తరాలిచ్చింది. ఐదో నెలలో "వంగకు" అంది. తలుపు కింద తోసేవి చేతికే ఇచ్చింది. ఏడో నెల వచ్చేసరికి ఏకంగా "గడప దాటకు" అంది. హవ్వ! నడిస్తేనే జీతమొచ్చే మనిషిని నడవొద్దంటే ఎలాగండీ?

"డాక్టరమ్మ చేత రాయించుకొస్తా అత్తయ్యా. అప్పుడైనా నమ్ముతారా?"

"ఆవిడ మాటకి ఎదురు చెప్తానా?"

డాక్టరమ్మ రాసిచ్చింది. రెండే ముక్కలు. "నడక అవసరం" అని చదివింది పోస్టమ్మ. అత్తగారు కళ్లద్దాలు తుడుచుకుని, చీటీని ఎండకి పెట్టి చూసింది.

"అనవసరం అనుంది. ఇదిగో, మధ్యలో 'న'."

"అది 'న' కాదత్తయ్యా, కలం జారింది."

చీటీ పోస్టాఫీసుకి చేరింది. పోస్టుమాస్టరు చూశాడు, ముద్రలేసే ఆయన చూశాడు, స్టాంపులు కొనడానికొచ్చినవాళ్లూ తలో చెయ్యీ వేశారు. సగంమంది అవసరమన్నారు, సగంమంది అనవసరమన్నారు. ఊరందరి రాతా చదివే పోస్టమ్మ మాట మాత్రం ఒక్కరూ వినలేదు.

"నీ తగువుకి నువ్వే తీర్పు చెప్పుకుంటే ఎలాగమ్మా?" అన్నాడు పోస్టుమాస్టరు. "రేపటికి తేలకపోతే నీ వీధులు ఇంకొకరికి ఇవ్వాల్సిందే. ఇచ్చాక వెనక్కి తేవడం నా చేతుల్లో లేదు."

పోస్టమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది.

మర్నాడు పొద్దున్నే అత్తాకోడళ్లిద్దరూ ఆస్పత్రికెళ్లారు. డాక్టరమ్మ చీటీని ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"ఎవరండీ రాసింది? ఒక్క అక్షరం తెలిసి చావట్లేదు."

"మీరే!" అన్నారిద్దరూ ఒక్కసారే.

డాక్టరమ్మ నాలిక్కరుచుకుంది. "నడవాలమ్మా, రోజూ నడవాలి. ఈమెకి ఏ ఇబ్బందీ లేదు."

పోస్టమ్మ గెలిచాననుకుంటూ లేచింది. అత్తగారు మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

"నడిస్తే బిడ్డ పోదా అమ్మా?"

"మామూలు నడకతో పోదండీ. ఎవరు చెప్పారు మీకు?"

"అందరూ చెప్పారు. మా అబ్బాయి కంటే ముందు ఒక ఆడపిల్ల, ఏడో నెలలో పోయింది. పనికి నడిచెళ్లేదాన్ని. తిరిగి తిరిగి పొట్టన పెట్టుకున్నావన్నారు. ముప్పై ఏళ్లుగా నిజమేననుకున్నా."

పోస్టమ్మకి గెలిచిన సంతోషం ఎటు పోయిందో తెలియలేదు. అత్తగారి పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"అది మీ తప్పు కాదండీ" అంది డాక్టరమ్మ.

అత్తగారు కొంగుతో కళ్లొత్తుకుని, బల్ల మీది చీటీని డాక్టరమ్మ ముందుకి జరిపింది.

"ఆ ముక్క కూడా రాసివ్వండి. కాస్త అర్థమయ్యేట్టు."