కళ్ళు పెట్టే పని నాది

ఖాలమ్మ పోయిందన్న కబురు నాకు తెనాలి స్టేషన్లో, బాపట్ల బండి కోసం నిలబడి ఉండగా వచ్చింది. రేపల్లె నుంచి ఆమె మనవరాలు ఫోన్ చేసింది. "ఆంటీ, మా నానీ పోయిందండి. తెల్లారి నమాజుకి లేపుదామని వెళ్తే లేవలేదు. మధ్యాహ్నం నమాజు అవగానే తీసుకెళ్ళిపోతారంట. మీరొస్తారా?" అంది. వస్తానన్నాను. ఫోన్ బ్యాగులో పెట్టుకున్నాను. బండి వచ్చింది. ఎక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది.

అది బాపట్ల బండి. రేపల్లె బండి అవతలి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండటం నేను చూశాను కూడా. అయినా రోజూ ఎక్కే బండే ఎక్కాను. బాపట్లలో దిగి, కాలేజీ దాకా నడిచి, లైబ్రరీ తాళం తీసి, ముందురోజు వెనక్కి వచ్చిన పుస్తకాలన్నీ అరల్లో సర్దాను. ఒక స్టూడెంటు వచ్చి, "మేడమ్, ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. "మా ఖాలమ్మ పోయింది" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి నేనే విన్నాక గానీ ఎక్కడ ఉన్నానో తెలియలేదు.

అప్పుడు బస్టాండుకి పరిగెత్తాను. కర్లపాలెం మీదుగా రేపల్లె వెళ్ళే బస్సు ప్రతి ఊళ్ళోనూ ఆగింది. నా హ్యాండ్‌బ్యాగులో ఒక హోమియో మందు సీసా ఉంటుంది. గోతుల్లో బస్సు ఎగిరినప్పుడల్లా అది గలగలమంటూనే ఉంది. నేను వెళ్ళేసరికి మగవాళ్ళు కబరస్థాన్ నుంచి తిరిగి వచ్చి గుమ్మం దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నారు. "అరగంటే అయిందాంటీ" అంది మనవరాలు నా చెయ్యి పట్టుకుని. నాకు ఏడుపు రాలేదు. అందరూ చూస్తున్నారు, ఏడవకపోతే బాగుండదేమోనని ప్రయత్నించాను కూడా. రాలేదు.

మా వీధికంతా ఆమె ఖాలమ్మే. ఉర్దూలో పిన్ని అని అర్థం. ఆ భాష ఒక్క ముక్క రానివాళ్ళకి కూడా ఆమె పిన్నే. తెనాలిలో మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య నడుమెత్తు పిట్టగోడ ఉంది. పంతొమ్మిదేళ్ళు ఆ గోడ మీదుగా కూరగిన్నెలు ఇచ్చిపుచ్చుకున్నాం. భర్త పోయాక ఆమెకు మిగిలిన ఆధారం ఒక క్రోషా సూది. నమాజుకి పెట్టుకునే తెల్లటి అల్లిక టోపీలు చేసి కొట్టుకి వేసేది. అరుగు మీద కూర్చుని, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, అల్లిక వైపు చూడకుండానే అల్లేది. చూపంతా వీధి మీదే. ఎవరు ఎప్పుడు వెళ్ళారో, ఎవరి చేతిలో ఏ సంచి ఉందో ఒక్కటీ వదిలేది కాదు. నేను గేటు తియ్యకముందే, "ఏంటి లైబ్రరీ, ఇవాళ బండి లేటా?" అని అడిగేది. నన్ను పేరు పెట్టి పిలవగా నేను వినలేదు.

ఒక ఆదివారం ఊసుపోక, నా ఫోన్లో జపాన్ వాళ్ళ ఊలు బొమ్మల వీడియో ఆమెకి చూపించాను. అమిగురుమి అంటారట. అరచేతిలో పట్టే కుందేళ్ళు, ఏనుగులు, కోడిపిల్లలు. చూస్తున్నంతసేపూ పెదవి విరుస్తూనే ఉంది.

"ఇది టోపీయేగా?" అంది చివరికి. "ఆరు కుట్లతో మొదలెట్టి పెంచుకుంటా వస్తన్నారు. మనం తల పట్టేదాకా అల్లి ఆపేస్తాం. వాళ్ళు మళ్ళీ తగ్గించుకుంటా పోయి మూసేస్తన్నారు. ఇదేం పెద్ద విద్య?"

మర్నాడు నేను బాపట్ల నుంచి వచ్చేసరికి పిట్టగోడ మీద ఒక కుందేలు తల ఉంది. చెవులు ఉన్నాయి. కళ్ళు లేవు. అడుగున మెడ దగ్గర మూయకుండా వదిలేసింది. "కళ్ళు నువ్వు పెట్టు" అంది.

చూపు ఆనడం లేదు కాబోలు అనుకున్నాను. ఫ్యాన్సీ షాపులో నల్లటి చిన్న ప్లాస్టిక్ కళ్ళు దొరికాయి. వాటికి వెనక కాడ ఉంటుంది. తల లోపలి నుంచి ఆ కాడకి బిళ్ళ నొక్కితే ఇంక ఊడి రాదు. అందుకే తల మూసేలోపే కళ్ళు పెట్టాలి. నేను కళ్ళు పెట్టి ఇచ్చాక, ఆమె లోపలికి వేలు పోనిచ్చి బిళ్ళ గట్టిగా ఉందో లేదో చూసేది. "మూసేముందు ఒకసారి చూసుకోవాలమ్మా, పసివాళ్ళు నోట్లో పెట్టుకుంటారు" అనేది. తరవాత దూది కూరి, చివరి కుట్లు లాగి మూసేది. రానురాను ఆ మాట ఆమెకి అన్నిటికీ అలవాటైపోయింది. కుక్కరు మూతకి, బీరువా తలుపుకి, నా టిఫిన్ బాక్సుకి కూడా అదే మాట. నేను పొద్దున్నే హడావిడిగా గేటు దాటుతుంటే, "లైబ్రరీ, బ్యాగు మూసేముందు చూసుకున్నావా?" అని అరుగు మీద నుంచి కేకేసేది. విసుక్కునేదాన్ని.

నాలుగైదు బొమ్మలయ్యాక అసలు సంగతి అడిగాను. చూపు ఆనని మనిషి వీధి చివర మనుషుల్ని ఎలా గుర్తుపడుతుంది మరి?

"ప్రాణమున్నవాటికి ముఖం పెట్టడం పైవాడి పనమ్మా. నా చేత్తో నేను చెయ్యలేను" అంది. "మా అక్క ఇంట్లో బొమ్మలు అల్మరా నిండా ఉన్నాయి. అది వాళ్ళిష్టం. ఇది నా పట్టింపు."

"బాగుంది ఖాలమ్మా! నా చేత పెట్టిస్తున్నావు, మరి నాకు పాపం కాదా?"

"నీకు అంతమంది దేవుళ్ళున్నారుగా, ఎవరో ఒకళ్ళు సర్దుకుంటార్లే" అని, కళ్ళద్దాలు ఒళ్ళో పడేంతగా నవ్వింది.

అలా కళ్ళు పెట్టే పని నాదయింది. హోమియో సీసా ఖాళీ చేసి, అందులో కళ్ళు పోసుకుని బ్యాగులో పెట్టుకున్నాను. తెనాలిలో బండెక్కి బాపట్ల చేరేలోపు రెండు తలలు పూర్తయ్యేవి. పెట్టెలో వాళ్ళంతా వింతగా చూసేవారు. ఒకసారి ఎదుట కూర్చున్న పండ్లమ్మే ఆవిడ చాలాసేపు చూసి, "కళ్ళు ఇంకాస్త కిందకి పెట్టమ్మా, పసిదానిలా ఉంటది" అంది. కిందకి పెట్టి చూస్తే నిజమే, అలాగే ఉంది. ఎక్కడ పెట్టాలో ఖాలమ్మ ఎప్పుడూ చెప్పలేదు. పెట్టాక మాత్రం వంకలు పెట్టేది. "ఈ కోడిపిల్ల దొంగచూపులు చూస్తందేంటి, నిద్రలో పెట్టావా?" అనేది.

ఆమె టోపీలు అమ్మేది గానీ బొమ్మలు అమ్మలేదు. వీధిలో ఎవరింట బిడ్డ పుట్టినా, ఆ బిడ్డ తలకి ఒక ఊలు టోపీ, చేతికి ఒక బొమ్మ. "అమ్మితే ఎవరింటికి పోయిందో తెలీదు. ఇస్తే రోజూ కనపడతది" అనేది. ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న బొమ్మలు ఆమె గూట్లో వరసగా కూర్చుని ఉండేవి. నమాజు చాప పరిచేముందు వాటన్నిటినీ ఒక్కొక్కటిగా గోడవైపు తిప్పేది. నమాజు అయ్యాక మళ్ళీ ఇటు తిప్పేది. తిప్పుతూ, "విసుగొచ్చిందా?" అని వాటిని పలకరించేది. ఆ పలకరింపు నాకు గోడ ఇవతలికి వినిపించేది.

మోకాళ్ళు పూర్తిగా పట్టేశాక, మనవరాలు వచ్చి ఆమెని రేపల్లె తీసుకెళ్ళిపోయింది. అక్కడికి వెళ్ళినా మా వీధి కబుర్లు ఫోన్లో అడిగి తెలుసుకునేది. బిడ్డ పుట్టిందని తెలియగానే బొమ్మ మొదలెట్టేది. "ఇంకో తల అయింది లైబ్రరీ. ఎప్పుడొస్తన్నావు?" అని అడిగేది.

"వచ్చే ఆదివారం ఖాలమ్మా" అనేదాన్ని.

"తొందరేం లేదు. మూయకుండానే ఉంచా."

తెనాలి నుంచి రేపల్లెకి రైల్లో గంట ప్రయాణం. ఏడు నెలలు నేను వెళ్ళలేదు. గొప్ప కారణాలేమీ లేవు. ఒక ఆదివారం పెళ్ళి, ఒక ఆదివారం వాన, చాలా ఆదివారాలు వట్టి బద్ధకం. ఒకసారి, "కళ్ళు కొరియర్లో పంపిస్తాను, నీ మనవరాలు పెడుతుందిలే" అన్నాను కూడా. "అది పెడితే నేను పెట్టినట్టేగా. నువ్వే రావాలమ్మా" అంది. వస్తానన్నాను.

ఆమె పోయిన రోజు సాయంత్రం, నేను బయల్దేరుతుంటే, మనవరాలు ఒక గుడ్డసంచి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. లోపల పది బొమ్మలు. ఒళ్ళు, కాళ్ళు, చెవులు అన్నీ అయ్యాయి. తలలు మాత్రం మూయకుండా ఉన్నాయి. ఒక్కోదానికి పిన్నీసుతో ఒక చీటీ గుచ్చి ఉంది. ఖాలమ్మ చెబుతుంటే మనవరాలు రాసిందట. 'మందుల షాపు వాళ్ళ మనవడు', 'మేడమీద అద్దెకున్నవాళ్ళ పాప', ఇలా. సీసా నా బ్యాగులోనే ఉంది. ఏడు నెలలూ బ్యాగులోనే ఉంది.

అప్పుడే మనవరాలి కూతురు, నాలుగేళ్ళది, ఒక బూడిదరంగు ఏనుగుని చంకన పెట్టుకుని వచ్చి నా ఎదురుగా నిలబడింది. ఆ ఏనుగుకి తల మూసేసి ఉంది. కళ్ళు లేవు.

"నెల కిందట అది కావాలని పాప ఒకటే ఏడుపండీ. ఇంక నానీ మూసి ఇచ్చేసింది" అంది మనవరాలు.

"నేను రాలేదని ఏమన్నా అందా?" అని అడిగాను.

"లేదాంటీ. 'లైబ్రరీకి ఆదివారాలు తక్కువ' అని నవ్వేది."

ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పాప కోసం మూసిందని వాళ్ళు చెప్పారు. నాకు మాత్రం ఎదురుచూసి ఎదురుచూసి ఇంక నేను రానని తేల్చుకుని మూసిందనే అనిపించింది. మూసేముందు చూసుకోవాలని రోజూ నా చెవిలో పోరిన మనిషిని, మట్టిలో మూసేముందు నేను ఒక్కసారి చూసుకోలేదు. ఇలా రాస్తున్నప్పుడు కూడా నా చెయ్యి మామూలుగానే ఆడుతోంది. ఏడుపు ఎక్కడో ఆగిపోయింది. తెలిసినవాళ్ళు అడిగితే, "బానే ఉన్నాను" అంటున్నాను. అది అబద్ధమూ కాదు.

ఆ పది తలలకీ బాపట్ల బండిలోనే కళ్ళు పెట్టాను. వేలు లోపలికి పెట్టి బిళ్ళలు చూశాను. మూయడమే రాలేదు. నాకు ఆ పని ఆమె ఎప్పుడూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. ఒకప్పుడు ఆమెకి చూపించిన వీడియోనే మళ్ళీ పెట్టుకుని, ఆపుతూ, వెనక్కి తిప్పుతూ నేర్చుకున్నాను. ఆమె మూస్తే కుట్టు ఎక్కడ ఆగిందో కనిపించేది కాదు. నేను మూసినవాటికి మెడలు ముడతలు పడ్డాయి. అలాగే ఇంటింటికీ తీసుకెళ్ళి ఇచ్చాను. మేడమీద పాప వాళ్ళమ్మ బొమ్మని అటూ ఇటూ తిప్పి, "ఇది ఖాలమ్మ చేసిందేనాండి? మెడ ఇట్టా ఉందేంటి?" అంది. "మెడ నాది, మిగతాదంతా ఆమెది" అన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నేను మెట్లు దిగి వచ్చేశాను.

పోయినవాళ్ళ పేరున వాళ్ళు ప్రార్థన చేసి భోజనాలు పెట్టే నలభయ్యో రోజు ఆదివారం వచ్చింది. ఈసారి రేపల్లె బండే ఎక్కాను. మూసేసిన తలకి ప్లాస్టిక్ కళ్ళు పెట్టడం కుదరదు గనక నల్లదారం రీలు, సూది తీసుకెళ్ళాను. ఆ ఒక్క ఏనుగుకీ దారంతో కళ్ళు కుట్టేస్తే నా పని అయిపోతుందనుకున్నాను. వచ్చిన బంధువులంతా భోజనాలు చేసి వెళ్ళేదాకా ఆగాను. సాయంత్రం ఖాలమ్మ మంచం మీద కూర్చుని సూదిలోకి దారం ఎక్కించాను. "ఇలా ఇవ్వు తల్లీ, నీ ఏనుగుకి కళ్ళు పెడతాను" అన్నాను. పాప ఇవ్వలేదు, ఆలోచిస్తూ నిలబడింది.

ఇంతలో మసీదు నుంచి అజాన్ వినపడింది. మనవరాలు తలమీద కొంగు సర్దుకుని చాప తీసింది. పాప గబగబా గూటి దగ్గరికి వెళ్ళి, మునివేళ్ళ మీద లేచి, ఏనుగుని అందులో పెట్టి గోడవైపు తిప్పింది.

"దానికి కళ్ళు లేవుగా తల్లీ, తిప్పడం ఎందుకు?" అన్నాను.

"ఉన్నాయి" అంది పాప, నాకు ఇంత మాత్రం తెలియదా అన్నట్టు చూసి. "మూసుకుంది."

ఖాలమ్మ ముఖం చివరికి ఎలా ఉండి ఉంటుందో నలభై రోజులుగా నాకు ఊహకి రాలేదు. ఆ మాటతో వచ్చింది. కళ్ళద్దాలు తీసేసి, పని అయిపోయి, కాసేపు పడుకున్న మనిషి ముఖం. ఏడుపు మాత్రం అప్పుడూ రాలేదు. మనవరాలు నమాజు చేస్తున్నంతసేపూ, చప్పుడు కాకుండా సూదిలోంచి దారం లాగేసి, మళ్ళీ రీలుకి చుట్టుకుంటూ కూర్చున్నాను.

నమాజు అయింది. మనవరాలు చాప మడుస్తోంది. పాప మళ్ళీ మునివేళ్ళ మీద లేచి, ఏనుగుని ఇటు తిప్పి, "విసుగొచ్చిందా?" అని అడిగింది.