గీత దాటి వెనక్కి

డెబ్బైలలో పటాన్‌చెరు దగ్గరి ఓ ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా పనిచేసేవాణ్ణి. యంత్రాలు బిగించడానికొచ్చిన ఇంగ్లిష్ ఇంజనీరు వాళ్ళ ఊరి రగ్బీ క్లబ్బు ఆటగాడు. ఓ ఆదివారం కోడిగుడ్డులాంటి బంతి తెచ్చి, దాన్ని అవతలి గీత దాటించి నేలకు ఆనించాలని మాకు నేర్పాడు.

బంతి నా చేతికొచ్చింది. ఊపిరి బిగబట్టి, అందరినీ తప్పించుకుని గీత దాటాను. గోదావరి ఒడ్డున చెడుగుడు ఆడి పెరిగిన ఒళ్ళు. కూతకెళితే తిరిగి రావాలి కదా! గిర్రున తిరిగి మా వైపుకే పరుగెత్తాను.

"ఏడికి ఉరుకుతున్నవ్ అన్నా! బంతి ఆడనే పెట్టు, గెలుస్తం!" అని మా జట్టు వెల్డర్ యాదయ్య మొత్తుకున్నాడు. మా గీత దాటాకే ఊపిరి వదిలాను.

దొర తల పట్టుకున్నాడు. తమ క్లబ్బు చరిత్రలోనే ఇలాంటిది లేదని, ఊరెళ్ళగానే అందరికీ చెబుతానని అన్నాడు. నేనెన్నడూ చూడని ఆ ఊళ్ళో, నేనింకా వెనక్కి పరుగెత్తుతూనే ఉన్నానేమో!