చెట్టుకొక పేజీ

నా చిన్నప్పుడు మా తమ్ముడికి ఒక్క కథ చదివి వినిపించడానికి పార్కంతా కావాల్సి వచ్చింది. ఆ పార్కులోంచి మమ్మల్ని సాగనంపాలని చూసిన పెద్దాయన మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. పోయినవాళ్ళని తిట్టకూడదంటారు. తిట్టను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

డెబ్భైల మొదట్లో మేం తెనాలిలో కాలవ అవతల పేటలో ఉండేవాళ్ళం. నాన్న రేపల్లె దగ్గర ఒక బళ్ళో మాస్టారు. పొద్దున్నే పాసింజరెక్కితే చీకటి పడ్డాకే ఇల్లు చేరేవారు. తమ్ముడికి పసితనంలో పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. వాడికి బడి ఈడు వచ్చాక ఆస్పత్రిలో ఇనప కడ్డీలున్న బూటు ఇచ్చారు. రోజూ సాయంత్రం నడిపించండి, లేకపోతే జీవితాంతం ఎత్తుకుని తిప్పాల్సిందే అని డాక్టరుగారు గట్టిగా చెప్పారు.

వాడు నడిస్తే కదా. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అనలేదు. అమ్మ బతిమాలింది, బెల్లం ముక్క పెట్టింది, చివరికి రెండు దెబ్బలు వేసి తనే ఏడ్చింది. వీధి చివర కల్వర్టు దాకా ఈడ్చుకుంటూ వెళ్ళి దాని మీద కూలబడేవాడు. ఆ బూటు చప్పుడుకి వీధిలో వాళ్ళు తిరిగి చూస్తారని వాడి బాధ. అది మాతో చెప్పేవాడు కాదు, కళ్ళు దించుకునేవాడు.

మా పక్కింటి అక్క టీచర్ ట్రైనింగ్ చేసి ఉద్యోగం కోసం ఎదురు చూస్తుండేది. ఆదివారాలు చర్చిలో మాకు సండే స్కూలు చెప్పేది. ఆమె దగ్గర ఒక బొమ్మల పుస్తకం ఉండేది. ఎప్పుడో ఊళ్ళోకి పుస్తకాల వ్యాను వస్తే కొనుక్కుందట. నున్నటి కాగితం, పేజీకొక పెద్ద బొమ్మ, కింద రెండు వాక్యాలు. దాన్ని అట్ట వేసి పెట్టెలో దాచుకునేది. మాకు చూపించాలంటే ముందు చేతులు కడుక్కోమనేది. అలాంటిది ఒకరోజు మా అరుగు మీద కూర్చుని బ్లేడుతో ఆ పుస్తకం కుట్లు కోసేసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. పుస్తకం కాలికి తగిలితే కళ్ళకద్దుకునేవాళ్ళం మేము. సండే స్కూలు చెప్పే మనిషి పుస్తకాన్ని కోడిని కోసినట్టు కోస్తుందా అని అమ్మకి వెళ్ళి చాడీలు చెప్పాను. అమ్మ వచ్చి అడిగితే అక్క తల కూడా ఎత్తకుండా, పెట్టెలో ఉంటే ఇది నడవదు పిన్నీ, వాడూ నడవడు అంది. పేజీలన్నిటినీ బట్టల కొట్టు కవర్లలో పెట్టి, మూలలకి పురికొస కట్టింది.

ఆ సాయంత్రం నేనూ అక్కా తమ్ముణ్ణి చెరో రెక్కా పట్టుకుని వంతెన దాటించి పార్కుకి తీసుకెళ్ళాం. గేటు పక్కనున్న మొదటి చెట్టుకి, అక్క ముందే వచ్చి కట్టిన మొదటి పేజీ వేలాడుతోంది. మంచులో ఒక ఎలుగుబంటి పిల్ల, ఇంటికి దారి తెలియక నిలబడి ఉంది. మంచు మాకెక్కడ తెలుసు? బాపట్ల అమ్మమ్మ వాళ్ళింటికి వెళ్ళినప్పుడు మావయ్య చూపించిన ఉప్పు మడులే మాకు తెలుసు. తమ్ముడు ఆ తెల్లటి నేలని చాలాసేపు చూసి, ఇంత ఉప్పులో తిరిగితే దానికి దాహం వెయ్యదా అన్నాడు. తర్వాత ఏమైందని అడిగాడు.

"నాకేం తెలుసు? తర్వాతది ఆ చెట్టుకుంది, వెళ్ళి చూసుకో" అంది అక్క.

వాడు ఆ చెట్టు వంక చూశాడు, ఆమె వంక చూశాడు, తన బూటు వంక చూసుకున్నాడు. మెల్లగా కదిలాడు. ఆ పేజీలో ఎలుగుబంటి పిల్ల కుందేలు ఇంటి తలుపు కొడుతుంది. ఇది మీ ఇల్లు కాదు పొమ్మంటుంది కుందేలు. మూడో చెట్టు దాకా వెళ్ళేసరికి వాడి పని అయిపోయింది. మిగతాది రేపు అంటే, వాడు మొదటిసారి రేపటి కోసం తొందరపడ్డాడు.

అలా రోజూ ఒకటో రెండో చెట్లు ముందుకి జరిగేవాడు. వాణ్ణి చూసి పేటలో పిల్లలందరూ మా వెనకే వచ్చారు. అక్క ఊరుకుంటుందా, క్రిస్మస్ ప్రోగ్రాముకి బైబిలు వాక్యాలు పంచినట్టు మా అందరికీ తలా ఒక పేజీ కంఠతా పట్టమని పంచింది. నాకు చివరి పేజీ వచ్చింది. ఒకటే షరతు, తమ్ముడు ఆ చెట్టు దాకా వచ్చేవరకు ఎవరి పేజీ వాళ్ళు కడుపులో దాచుకోవాలి. ముందే చెప్పినవాడికి క్రిస్మస్ నాటకంలో గొర్రె వేషం కూడా ఇవ్వనంది. ఇంట్లో వాడు నన్ను ఎంత వేధించినా నేను చెప్పలేదు. చీకటి పడగానే అక్క పేజీలన్నీ విప్పి సంచిలో పెట్టుకునేది. చెట్టుకి ఒక్క మేకు కొట్టలేదు, నేల మీద ఒక్క ముక్క పడనివ్వలేదు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానో ఇప్పుడు తెలుస్తుంది.

ఆ పార్కుకి ఒక కమిటీ, ఆ కమిటీకి ఒక పెద్దాయన ఉండేవారు. తండ్రి పేరు చెక్కించి ఒక సిమెంటు బల్ల వేయించారు గనక పార్కు మొత్తం ఆయనదే అన్నట్టు తిరిగేవారు. ఒక సాయంత్రం మా ముందు ఆగి పిల్లలందరినీ ఎగాదిగా చూశారు. బొమ్మల వంక మాత్రం చూడలేదు.

"ఏ పేట పిల్లలమ్మా వీళ్ళు?"

ఆ ప్రశ్న ఎందుకడుగుతారో మా ఊళ్ళో అందరికీ తెలుసు. మాకూ తెలుసు, ఆ వయసుకే. అక్క మొహం ఎర్రబడింది కానీ గొంతు మారలేదు.

"తెనాలి పిల్లలేనండి" అంది.

ఆయనకి ఆ జవాబు నచ్చలేదు. పార్కు ఉంది మర్యాదస్తులు గాలి పీల్చుకోవడానికనీ, ఇక్కడ బడి పెడితే కుదరదనీ, చెట్లకి కాగితాలు కట్టడం తప్పనీ అన్నారు. ఆ పార్కు గోడ నిండా బయటివైపు సినిమా పోస్టర్లు, మొలల డాక్టరు ప్రకటనలు ఉండేవి. మైదాతో అతికించి నెలల తరబడి అలాగే వదిలేసినవి. వాటిని పీకించాలని ఆయనకి ఒక్కనాడూ తోచలేదు. మా ఎలుగుబంటి పిల్ల ఒక్కటే కళ్ళలో పడింది.

మర్నాడు తమ్ముడు సగం దారిలో ఉండగా ఆయన తోటమాలిని వెంటబెట్టుకుని వచ్చి, చివరి చెట్టు నుంచి మొదలుపెట్టి పేజీలన్నీ తెంపించారు. ఒక మూల ఎండుటాకులు తగలబెడుతుంటే అందులో వేయించారు. అక్క అడ్డం వెళ్ళి, ఇచ్చెయ్యండి, తీసుకెళ్ళిపోతామండి అని అడిగింది. వినలేదు. కవర్లు ముడుచుకుపోయి నల్లటి పొగ లేచింది. తమ్ముడు అక్కడే, దారి మధ్యలో కూర్చుండిపోయాడు. వాణ్ణి నేను వీపు మీద ఎక్కించుకుని ఇంటికి మోసుకొచ్చాను. ఆ రాత్రి వాడు బూటు విప్పి మంచం కిందకి తోసేశాడు, ఇక తొడగనన్నాడు.

నేను ఆ పెద్దాయన్ని నోటికొచ్చినట్టు తిడుతుంటే అక్క గుమ్మంలోకి వచ్చింది. తిట్టొద్దంటుందేమో అనుకున్నాను.

"ఇంట్లో కూర్చుని తిడితే ఆయనకి వినపడదే" అంది. "కాగితాలు తగలబెట్టాడు గానీ కథ ఎక్కడికి పోద్ది? రేపు సాయంత్రం అందరూ తలలు దువ్వుకుని రండి."

మర్నాడు ఆదివారం బట్టలు వేసుకుని వెళ్ళాం. అక్క మమ్మల్ని ఎవరి చెట్టు కింద వాళ్ళని నిలబెట్టింది, చేతులు కట్టుకుని, చర్చిలో వాక్యం చెప్పేటప్పుడు నిలబడినట్టే. నా చెట్టు పెద్దాయన బల్ల పక్కనే. ఆయన దాని మీద కూర్చునే ఉన్నారు. మళ్ళీ ఏంటిదని లేచారు.

"కాగితాల్లేవండి" అంది అక్క. "పిల్లలు గాలి పీల్చుకుంటున్నారండి. పార్కు ఉంది అందుకే కదండీ."

పార్కులో నడిచేవాళ్ళు నలుగురూ ఆగి చూస్తున్నారు. ఆయన వాళ్ళ వంక చూసి మళ్ళీ బల్ల మీద కూర్చున్నారు.

అమ్మ తమ్ముణ్ణి గేటు దగ్గర దింపింది. బూటు తొడగడానికి ఎన్ని తిప్పలు పడిందో ఆమెకే తెలియాలి. వాడు కదల్లేదు. అప్పుడు మొదటి చెట్టు కింద నుంచి మా వీధి పిల్ల తన పేజీ మొదలుపెట్టింది. వాడికి తెలిసిందే, అయినా విన్నాడు. రెండో చెట్టు కింద పిల్లాడు అందుకున్నాడు. కుందేలు పొమ్మంది, నక్క పొమ్మంది, ముళ్ళపంది తలుపే తియ్యలేదు. సగం దారి దాటాక అంతా వాడికి కొత్త కథ. ఇక ఆగలేదు. ఇనప బూటు కంకర మీద ఠంగు ఠంగుమంటోంది. అందరూ తిరిగి చూస్తున్నారు. ఈసారి వాడు కళ్ళు దించుకోలేదు, తర్వాతి చెట్టు కిందున్న మొహాన్నే చూస్తూ వచ్చాడు.

నా దగ్గరికి వచ్చేసరికి చొక్కా మొత్తం తడిసిపోయింది. ఊపిరి ఆడ్డం లేదు. అయినా, చెప్పవే అన్నాడు.

నేను వాడితోనే చెప్పాను. కానీ పెద్దాయనకి వినపడేలా చెప్పాను. "అమ్మ దీపం పట్టుకుని నిలబడి ఉంది. తలుపు తీసే ఉంది, లోపలికి రా, అంది."

ఆయన మారిపోయారని, కన్నీళ్ళు పెట్టుకున్నారని రాస్తే మీకు బాగుంటుంది. అదేం లేదు. కండువా దులుపుకుని వెళ్ళిపోయారు. వారం తిరక్కముందే గేటుకి ఒక బోర్డు వేలాడింది, పిల్లలకి ప్రవేశం లేదని. మా పేట పిల్లలకి మాత్రమే అది అడ్డం వచ్చేది. మేం కాలవ గట్టు మీద కరెంటు స్తంభానికొకరం నిలబడి కొత్త కథలు చెప్పుకున్నాం. తమ్ముడు ఆ గట్టు మీదే నడక నేర్చాడు. అక్కకి రేపల్లె వైపు ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయేనాటికి స్టేషను దాకా వాడూ నడిచే వచ్చాడు.

ఈమధ్య మా మనవరాలు తెనాలిలోనే నన్నొక పార్కుకి తీసుకెళ్ళింది. దారి పొడుగునా బల్లల మీద బొమ్మల పుస్తకం పేజీలు, ఒక్కో పేజీ చదువుతూ పిల్లలు నడుస్తున్నారు. ఎంత కొత్త ఆలోచనో చూడమంది. అక్కడ ప్రారంభించిన పెద్దల పేర్లు పాలరాతి మీద చెక్కి ఉన్నాయి. మా అక్క పేరు ఏ రాతి మీదా లేదు. నాకు మళ్ళీ మండింది. మా పేజీలని కాల్చిన ఊళ్ళోనే ఇదంతా చూస్తున్నానమ్మా అని ఆ పిల్లకి ఈ కథంతా చెప్పాను.

తమ్ముడు ఇప్పుడు బాపట్లలో ఉంటున్నాడు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. ఆ బూటు చప్పుడు అలాగే ఉంది. నేను వెళ్ళి గేటు తీస్తే చాలు, లోపల్నుంచి నా పేజీ నాకే వినిపిస్తాడు. తలుపు తీసే ఉంది, లోపలికి రా అంటాడు.