నొక్కినంక రాదు

హుస్సేనీ ఆలంలో ఒక పాత ఇంటి మేడమీద మేం కొందరు ఆడపిల్లలం ఇంటర్‌కమ్ ఫోన్లకు బోర్డులు బిగించేవాళ్లం. మాకు పని నేర్పినామెను పెద్దక్క అనేవాళ్లం.

బోర్డు అరచేయంత. అంత ఇరుకులో మందపు కేబుల్ వంగదని, సన్న రిబ్బన్ కేబుల్‌ను వేళ్ల మధ్య మడిచి చూసి ఆమే ఎంచేది. దాని చివర కనెక్టర్ పెట్టి బల్లకు బిగించిన వైస్ దవడల మధ్య నొక్కితే కనెక్టర్ పళ్లు తీగల్లోకి దిగుతాయి. తిరగబడిందని పీకితే కేబుల్ చెత్తబుట్టకే. అందుకని కేబుల్ అంచున ఉన్న ఎర్రగీత కనెక్టర్ మీది ఒకటో నంబరు వైపే ఉందా అని, నొక్కబోయే ముందు నా మెడ వంచి మరీ చూపించేది.

“మల్లొక్కపారి చూస్కో బిడ్డా. నొక్కినంక రాదు.”

“జల్దీ కానియ్యుండ్రమ్మా!” అని ఓనరు అరిచేవాడు. ఆమెకు వినపడేది కాదు.

పెద్దక్క నా పెళ్లికి వచ్చింది. పెళ్లిచూపుల్లో నేను తల ఎత్తలేదు. అబ్బాయి చెప్పులు మాత్రం గుర్తున్నాయి. పీటల మీద మా మధ్య తెర పట్టారు. పంతులు నా చేతిలో జీలకర్ర బెల్లం పెట్టి, అతని తలమీద నొక్కమని తొందరపెట్టాడు. వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి తెరను పక్కకు జరిపింది.

“చూస్కో బిడ్డా. నొక్కినంక రాదు.”

“ఏందీ లొల్లి?” అంది మా అత్తగారు. పెద్దక్కకు అదీ వినపడలేదు.

చూశాను. నుదుటి చెమట కళ్లలోకి కారుతున్నా, ఒకటో నంబరు ఎటుందో వెతుకుతున్నట్టు అతనూ నన్నే చూస్తున్నాడు.

నొక్కాను. ఇంతవరకూ ఊడలేదు.