సంతోషమ్మ రెండో సాక్ష్యం

ఆత్మకూరు నుంచి నందికొట్కూరు పోయే దారిలో బస్సు దిగి, కాస్త లోపలికి నడిస్తే వచ్చే ఊళ్ళో సంతోషమ్మను తెలియనివాళ్ళు లేరు. ఆస్తిపాస్తులు చూసి కాదు. ఆమెకున్నదల్లా రెండు మేకలు, ఒక రేకుల ఇల్లు, మారెన్న అనే మొగుడు, కల్లూరులో అద్దెగదిలో కాపురం చేసుకుంటున్న జీవిత అనే కూతురు. ఆమెకు పేరు తెచ్చింది ఆమె చెప్పిన సాక్ష్యం. దేవుడు చేసిన మేలును చర్చిలో లేచి నిలబడి పదిమందికీ చెప్పడాన్నే సాక్ష్యం అంటారు. అందరూ చెబుతారు. జ్వరం తగ్గిందనో, తప్పిపోయిన గొడ్డు దొరికిందనో చెప్పి కూర్చుంటారు. సంతోషమ్మది అట్లాంటి ఇట్లాంటి సాక్ష్యం కాదు.

మారెన్న బండలు కొట్టే పనికి పోయేవాడు. నడుం నొప్పికి మందుల అంగడిలో మాత్రలు తెచ్చుకుని, అన్నం మానినా అవి మానకుండా ఏళ్ళ తరబడి మింగాడు. ఒక ఎండాకాలం ఒళ్ళంతా ఉబ్బిపోయి, ఒంటేలు బందయి, కర్నూలు పెద్దాసుపత్రిలో పడ్డాడు. కిడ్నీలు రెండూ పనిచేయడం లేదని చెప్పి, రక్తం కడిగే మిషను పెట్టారు. ఊళ్ళో చర్చి యావత్తూ పస్తులుండి ప్రార్థన చేసింది. సంతోషమ్మ ఆసుపత్రి వరండాలో మోకాళ్ళు వాచేదాకా ప్రార్థన చేసింది. కిడ్నీలు మళ్ళీ పనిలో పడ్డాయి. మారెన్న తన కాళ్ళ మీద తాను నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. పంపించేటప్పుడు డాక్టరు, ఇది తిరగబెట్టే రోగం, జాగ్రత్తగా ఉండండి అన్నాడు. ఆ మాట సాక్ష్యంలోకి ఎక్కలేదు. డాక్టర్ల మాటలకు సాక్ష్యాల్లో చోటు తక్కువ.

ఆమె చెబుతుంటే పాస్టరమ్మ ఫోనులో వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టింది. ఇక చూడండి. అది ఊరు దాటింది, జిల్లా దాటింది. ఎక్కడ ఉజ్జీవ కూటాలని పెద్ద ప్రార్థన సభలు పెట్టినా సంతోషమ్మకు పిలుపు వచ్చేది. ఒకసారి గోడపత్రిక మీద ఆమె ఫోటో కూడా వేశారు. కూలికి పోయి మట్టి అంటిన చేతులు ఆ కూటాల్లో మైకు పట్టుకునేవి. మనిషన్నాక కొంచెం పొంగదా? పొంగింది. తప్పేముంది, బతుకులో ఆమెను నిలబెట్టి విన్నవాళ్ళు అంతకుముందు ఎవరున్నారు గనక!

మూడో ఏడు దాటాక మారెన్న కాళ్ళకు మళ్ళీ నీరు పట్టింది. ఈసారి డాక్టరు, ఇక ఇవి కోలుకునే కిడ్నీలు కావు, రోజు మార్చి రోజు మిషను ఎక్కాల్సిందే అని చెప్పేశాడు. ఆ వారమే ఆత్మకూరులో కూటాలు. సంతోషమ్మ మాట్లాడుతుందని ఊరంతా పత్రికలు అంటించి ఉన్నాయి. ఇప్పుడు చెబితే దేవుని పేరు చెడిపోతుందని ఆమెకు భయం పుట్టింది. ఆయన బాగుచేస్తే అది చెడిపోవడమేమిటి? చూసేవాళ్ళు నవ్వరూ? కూటాలు కానీ, చెబుదామనుకుంది. కూటాల తర్వాత క్రిస్మస్ వచ్చింది. క్రిస్మస్ పోనీ అనుకుంది. ఆ తర్వాత ఏ రోజూ చెప్పే రోజుగా కనిపించలేదు.

మరి ఇన్నిమాట్లు కర్నూలుకు ఎందుకు పోతున్నారని అడిగితే ఏమనాలి? "మా జీవిత కల్లూరులో ఇల్లు కట్టుకుంటాండాది. మేస్త్రీలను చూసుకోనీకి మమ్మల్ని పిలుస్తాండాది" అంది ఒకనాడు, నోటికొచ్చిందే తడవుగా. అబద్ధానికి అన్నం పెట్టక్కర్లేదు గానీ, అది పెరుగుతూనే ఉంటుంది. పునాది ఎంతవరకు వచ్చిందని ఒకరు అడిగారు. స్లాబు పడిందా అని ఇంకొకరు అడిగారు. లేని ఇంటికి సంతోషమ్మ గోడలు లేపింది, స్లాబు వేయించింది, వంటింటికి కడప బండలు పరిపించింది. మారెన్న చేతి మీద మిషను సూదుల కోసం పెట్టిన నరం తాడులాగా ఉబ్బింది. అది కనపడకుండా నిండు ఎండల్లో కూడా పొడుగు చేతుల చొక్కా తొడిగించింది.

ఊళ్ళో నిజం తెలిసింది ఒక్క పీరమ్మకు. పక్కిల్లు ఆమెది. మధ్యలో ఒంటి ఇటుక గోడ. మారెన్న వాంతులు ఆమెకు వినపడకుండా ఎట్లా ఉంటాయి? వీళ్ళు కర్నూలుకు పోయిన రోజుల్లో మేకలకు ఆకేసేది, నీళ్ళు పెట్టేది ఆమే. ఒకనాడు ఉండబట్టలేక అడిగింది.

"మీ వాళ్ళకు చెప్తే ఏమక్కా? కొరుకుతారా?"

"నన్ననరు పీరమ్మా. దేవున్నంటారు."

"ఆయన్నంటే ఆయన పడతాడు. నువ్వు యాల మోస్తాండావు? నీకు మారెన్నను మోసేదే ఎక్కువుండాది."

సంతోషమ్మ ఓపికంతా వేరేచోట ఖర్చవుతోంది. తెల్లారకముందే లేవడం, అతన్ని బస్సెక్కించడం, గంటల తరబడి వార్డు బయట నేల మీద కూర్చోవడం, నీరసంతో వాలిపోయిన మనిషిని మళ్ళీ ఇంటికి చేర్చడం, మర్నాడు కూలికి పోవడం. వీటన్నిటి మీద అబద్ధాన్ని గుర్తుపెట్టుకోవడం ఒకటి. దేవుడు లేడని ఆమెకు ఒక్కనాడూ అనిపించలేదు. ఉన్నాడు కాబట్టే చిక్కు. ఇదివరకు ప్రార్థనలో ఆయనతో పోట్లాడేది, అలిగేది, ఏడ్చేది. ఇప్పుడు మోకాళ్ళ మీద కూర్చుంటే మాటలు రావడం లేదు. తన కోసం అబద్ధమాడుతున్న మనిషి ముఖం ఆయన మాత్రం ఎట్లా చూస్తాడు అనిపించి, ఆమేన్ అనేసి లేచేది.

ఒక శుక్రవారం వార్డు బయట గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుందో లేదో ఫోను మోగింది. తెలియని నంబరు.

"సంతోషమ్మక్కేనా? నేను రాజంపేట నుంచి మాట్లాడతాండా. నా పేరు స్వర్ణలత. మా పక్కింటామె మీ వీడియో పంపిచ్చింది. మేము చర్చికి పోయేవాళ్ళం కాదక్కా. మీ మాట విన్నాకనే పోతాండాం."

"మంచిది తల్లీ."

"మా ఆయనకు గూడా కిడ్నీలే. మీ ఆయన ఇప్పుడు బాగుండాడు కదక్కా?"

ఇన్నాళ్ళ అలవాటు, నోరు దానంతటదే పలికింది. "బాగుండాడు తల్లీ, దేవుని దయ."

"నాకు తెలుసక్కా!" ఆ పిల్ల గొంతులో ఎంత సంతోషమో. "అందుకే రేపటి నుంచి మా ఆయనకు మిషను మానిపిస్తాండాం. మా అత్త ఒప్పుకోకుండా కొట్లాడతాండాది. దేవున్ని నమ్మినాక ఇంకా మిషనెందుకు? ఒక కాలు ఆడ, ఒక కాలు ఈడ పెడితే అది నమ్మకం ఎట్లయితాదక్కా?"

సంతోషమ్మ తల తిప్పి చూసింది. అద్దాల తలుపు అవతల మారెన్న కనపడుతున్నాడు. చేతిలో గొట్టాలు, కళ్ళు మూతలు. దేవుని పేరు కాపాడుతున్నానని ఆమె అనుకుంటోంది. ఎక్కడో రాజంపేటలో ముఖం తెలియని మగవాడి ప్రాణం తన నాలుక కొసన వేలాడుతున్న సంగతి ఇప్పుడు తెలిసింది.

"మానిపిచ్చొద్దు" అని అరిచింది. వరండాలో జనం తిరిగి చూశారు. "నా మాట విను తల్లీ. మానిపిస్తే వారం గూడా ఉండడు. నేనిప్పుడు యాడుండానో తెలుసా? కర్నూలు ఆసుపత్రిలో ఉండా. మా ఆయన లోపల మిషను మీద ఉండాడు. రోజు మార్చి రోజు వస్తాండాం. నీకు అబద్ధం చెప్పినా."

ఆ పిల్ల అడిగింది, "అయితే ఆ వీడియో అబద్ధమా?"

"అప్పుడు నిజమే తల్లీ. మళ్ళా వచ్చింది."

"మళ్ళా వస్తే మళ్ళా వచ్చిందని చెప్పల్ల కదక్కా! ఎవురైనా సచ్చిపోతే?" ఏడుస్తూ ఫోను పెట్టేసింది.

సంతోషమ్మకు మనసు ఆగలేదు. ఒకటికి రెండుసార్లు తిరిగి చేసింది. చివరికి వాళ్ళత్త ఎత్తింది. "రేపు తీస్కపోతాండాంలేమ్మా, నువ్వు చెప్పినాకనే ఒప్పుకున్నాది" అంది. సంతోషమ్మ అక్కడే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఫోను చేసింది ఒక్క స్వర్ణలత. చేయకుండానే మిషను మానేసినవాళ్ళు ఎందరున్నారో ఎవరికి తెలుసు? ఆ ఆలోచన ఆమెను పిండేసింది.

సాయంత్రం బస్సు కోసం కాచుకుంటూ మారెన్నకు జరిగినదంతా చెప్పింది. అతను బస్టాండు స్తంభానికి ఆనుకుని విన్నాడు.

"ఆదివారం చెప్పేయి" అన్నాడు. "నాకు గూడా ఈ పొడుగు చేతుల చొక్కా తొడుక్కోని తొడుక్కోని ఇసుగొచ్చింది."

ఆదివారం చర్చిలో పాస్టరయ్య హుషారుగా ఉన్నాడు. కల్లూరు ఇల్లు పూర్తికావచ్చిందట, గృహప్రవేశ ప్రార్థనకు అందరం వ్యాను కట్టించుకుని పోదామని ప్రకటించాడు. ఆ సంగతేదో సంతోషమ్మే నాలుగు మాటలు చెబుతుందని పిలిచాడు. పాస్టరమ్మ ఎప్పటిలాగే ఫోను ఎత్తి పట్టుకుంది.

సంతోషమ్మ లేచింది. మొట్టమొదట ఆమె నోటినుంచి వచ్చిన మాట ఇది: "కల్లూరులో ఇల్లు లేదు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె ముఖం చూసి ఆపేశారు. సంతోషమ్మ మైకు పట్టుకోలేదు, స్తోత్రాలతో మొదలుపెట్టలేదు. రోగం తిరగబెట్టిందని, ఆసుపత్రికి పోతున్నామని, దేవునికి మాట వస్తుందని దాచానని చెప్పింది. రాజంపేట పిల్ల ఫోను సంగతి చెప్పింది. మారెన్న కూర్చున్నచోటే చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచి అందరికీ చూపించాడు. ఆ ఉబ్బిన నరం చూసి ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

పాస్టరయ్య గబగబా ముందుకొచ్చాడు. "కూర్చోమ్మా, ఇది మనం తర్వాత మాట్లాడుకుందాం" అని, ఫోను ఆపమని భార్యకు సైగ చేశాడు.

"ఆపొద్దమ్మగారూ" అంది సంతోషమ్మ. "అది యాడయాడికి పోయిందో, ఇది గూడా ఆడికంతా పోవాల."

పాస్టరమ్మ మొగుడి వైపు చూసింది, సంతోషమ్మ వైపు చూసింది. ఫోను దించలేదు.

అప్పుడు ముందు వరుసలో చాప మీద కూర్చున్న జీవమ్మ గొంతు వినిపించింది. వయసులో పెద్దది, ఎప్పుడూ నోరెత్తే మనిషి కాదు. ఆమె కొడుకు కిందటేడు కామెర్లతో పోయాడు. చేతులు నేలకానించి, ముక్కుతూ లేచి నిలబడింది.

"సంతోషమ్మా, నా కొడుకు కోసరం గూడా నీ మాదిరే చేసినానమ్మా ప్రార్థన. పస్తులుండినా. వాడు పోయినాడు. నీ మొగుడు లేసినాడు, నా కొడుకు లేయలేదు. నాకే నమ్మకం సాలలేదేమో, నేనే వాన్ని సంపుకున్యానేమో అని, ఇన్నాళ్ళూ ఎవురికీ చెప్పుకోలేకపోయినా" అంది. మాట పూర్తికాకముందే పెద్దగా ఏడ్చేసింది.

సంతోషమ్మ పోయి ఆమెను పట్టుకుంది. ఇద్దరూ అట్లాగే చాప మీద కూలబడ్డారు. తాను దేవుని మీద పడకుండా కాచిన మాట ఏడాదిగా ఈ ముసలమ్మ గుండె మీద పడి నలిపేసిందని తెలిసి, సంతోషమ్మకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. చర్చిలో ఎవరూ హల్లెలూయా అనలేదు.

పాస్టరయ్య చేతిలోని కాగితాలు పక్కన పెట్టేశాడు. మంచివాడే పాపం, గెలిచిన సంగతులు చెప్పడమే అలవాటైనవాడు. వచ్చి చాప మీద వాళ్ళ పక్కనే మోకాళ్ళూనాడు.

"ప్రార్థన చేద్దామమ్మా. దేని కోసం చేయమంటావు?"

సంతోషమ్మ ఆలోచించింది. అడగాల్సింది ఏమిటో చర్చిలో పసిపిల్లలకు కూడా తెలుసు. అది ఆమె అడగక పోలేదు, ఎన్నిసార్లు అడిగిందో ఆయనకే ఎరుక. మళ్ళీ అడుగుతుంది, ఇవాళ మాత్రం అంత పెద్ద మాట ఎత్తే బలం లేదు.

"రేపు పొద్దున బస్సులో ఆయనకు సీటు దొరకాలని చేయండయ్యా. సోమవారం జనం శానా ఉంటారు. నిలబడి పోలేకపోతాండాడు."

పాస్టరయ్య కళ్ళు మూసుకుని, ప్రభువా, రేపు కర్నూలు బస్సులో మా మారెన్నకు ఒక సీటు ఇప్పించు తండ్రీ అని చేశాడు. అంతకుమించి ఒక్క మాట కలపలేదు. చర్చి మొత్తం ఆమేన్ అంది. సంతోషమ్మ కూడా అంది. చాలా నెలలకు, ఆ మాట అన్నాక ఆమె వెంటనే లేచిపోలేదు.

జీవమ్మ కళ్ళు తుడుచుకుని ఆమె భుజం తట్టింది.

"బస్సు ఆత్మకూరులో కదా బయల్దేరేది? నేను ఏకువన్నే ఆడికి పోయి, కిటికీలోంచి టవాలేసి సీటు పట్టుకోనుంటాలే. మీరు నింపాదిగా రోడ్డుకాడ ఎక్కండి."